పక్క తలుపు

జూన్ 4

సామాను లాడ్జిలోకి మార్చాను. కింది అంతస్తులో, రిసెప్షను బల్ల వెనకున్న గది. లాడ్జి అని అలవాటుకొద్దీ అంటున్నాం గానీ అది మూతపడి చాలా కాలమైంది. అంతా అనుకున్నట్టు జరిగితే ఏడాది తిరిగేలోపు అద్దె ఇళ్ళవుతుంది. రెండేసి గదుల మధ్య గోడ తీసేసి ఒక్కో వాటా చేయాలి. ప్లాను గీసింది నేనే, పని చేయించేదీ నేనే.

ఇక్కడే ఉండిపోవడానికి కారణం పని. ఇంటి నుంచి రోజూ రావడానికీ పోవడానికే సగం ప్రాణం పోతోంది. చెల్లికి ఫోన్లో ఇదే చెప్పాను.

"అవునా" అంది. దాని "అవునా"లు నాకు చిన్నప్పటి నుంచీ పడవు.

జూన్ 5

నిన్న రాసింది చదువుకున్నాను. ఎవరికి సంజాయిషీ ఇస్తున్నాను? ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు.

ఆయన విడిపోదామన్నారు. నేను సరే అన్నాను. పదహారేళ్ళ కాపురం, టీ చల్లారేలోపు మాట్లాడేసుకున్నాం. పిల్లలు లేరు కాబట్టి పెద్ద చిక్కులుండవని లాయరు అన్నాడు, నాకేదో శుభవార్త చెప్పినట్టు. ఇంకెవరైనా ఉన్నారా అని చెల్లి అడిగింది. లేరట. ఉన్నా బాగుండేది. తిట్టుకోవడానికి ఒక మొహమంటూ ఉండేది. "ఇద్దరం ఒకే ఇంట్లో విడివిడిగా ముసలివాళ్ళమైపోతున్నాం" అన్నారు. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఆయన, అత్తయ్య ఉన్నారు.

ఇకమీదట ఆయన అని రాయను. అతను.

జూన్ 6

ఏడవలేదు.

జూన్ 11

మేస్త్రీతో కలిసి గోడలకి గుర్తులు పెట్టాను. తీసేయాల్సిన గోడకి ఎర్రరంగుతో అడ్డగీతలు, ఉంచాల్సిన దానికి పచ్చచుక్క. మేస్త్రీ మాట తక్కువ మనిషి. నాతో ఇది నాలుగో భవనం. గోడని మూడువేళ్ళతో తట్టి, చెవి ఆనించి, తలూపుతాడు. డాక్టర్లా ఉంటాడు ఆ క్షణంలో.

రెండో అంతస్తు చివర రెండు గదుల మధ్య గోడ దగ్గర ఆగాడు.

"దీని పైన ఏముంది మేడం?"

"డాబానే కదా. మూడో అంతస్తు ముందు భాగంలోనే ఉంది."

"వెళ్ళి చూశారా?"

చూశానన్నాను. చూశాను కూడా, రెండేళ్ళ కిందట, మొదటిసారి వచ్చినప్పుడు. అదే సమయానికి లాయరు ఫోను చేశాడు. మాట్లాడటం అయ్యాక ఎర్రగీతలు గీసేశాను.

జూన్ 17

మధ్యాహ్నం మెట్ల దగ్గర ఒక గొంతు ఖంగుమంది. "దారిలో సిమెంటు బస్తాలు పెట్టినవాడెవడు? ఎవరైనా కాలు జారి పడితే ఎత్తుకెళ్ళడానికి బస్తాలు లేస్తాయా?"

పనివాళ్ళు ముందు బస్తాలు జరిపారు, ఆ తర్వాత ఎవరావిడ అని అడిగారు. అత్తయ్య! ఆడపిల్లల బడిలో ముప్పయ్యేళ్ళు డ్రిల్లు టీచరుగా చేశారు. రిటైరైన సంగతి గొంతుకి ఇంకా తెలియలేదు.

"మీరేంటి ఇక్కడ?" అన్నాను. అత్తయ్యా అనాలో వద్దో తేలక, మాట చివర మింగేశాను.

"గొడుగు మర్చిపోయావు." నా పాత నల్లగొడుగు చేతిలో పెట్టారు.

"నాకు వేరేది ఉంది."

"అయితే రెండుంటాయి." మెడ ఎత్తి చుట్టూ చూశారు. "చూపించవేం, ఏం కడుతున్నావో?"

చూపించాను. ప్రతి మెట్టుకీ వంక పెట్టారు. మూడో అంతస్తుకి నాకు ఆయాసం వచ్చింది, ఆవిడకి రాలేదు. అతని గురించి ఒక్కమాట ఎత్తలేదు. సమయం చూసి ఎత్తుతారు. కొడుకు తరఫున రాయబారానికి కాకపోతే ఇంత ఎండలో ఎందుకొస్తారు?

జూన్ 23

అత్తయ్య మళ్ళీ వచ్చారు. నా దిండు తెచ్చారు. "వేరే దిండు మీద నీకు మెడ పట్టేస్తుంది కదా" అన్నారు.

మెడ పట్టేసిన మాట నిజమే. చెప్పలేదు.

ఇవాళ కూడా ఆ సంగతి ఎత్తలేదు.

జూలై 2

పూలకుండీ. సగం ఎండిపోయింది. "నువ్వు లేకపోతే ఇది నా మాట వినడం లేదు" అన్నారు.

చెల్లికి చెప్పాను. వస్తువులన్నీ ఒక్కొక్కటిగా గెంటేస్తున్నారని, ఇంట్లో నా ఆనవాలు మిగలకూడదనుకుంటున్నారని.

"మొన్న రాయబారం అన్నావు?"

"రెండూ అయ్యుండొచ్చు."

"గెంటేయాలంటే అన్నీ ఒకేసారి బండిలో వేసి పంపుతారు కదే. ఒక్కొక్కటీ ఎందుకు మోసుకొస్తున్నారు?"

"ఆవిడకి ఒక పద్ధతి లేదు."

"డ్రిల్లు టీచరుకి?" అంది చెల్లి.

ఫోను పెట్టేశాను.

జూలై 3

ఏడవలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి. కింద టైల్సు కోస్తున్నారు, ఆ దుమ్ము.

జూలై 19

మొదటి అంతస్తులో నాలుగు గోడలు పడిపోయాయి. వెలుతురు ఒక కిటికీలో దూరి రెండో కిటికీలోంచి బయటికి పోతోంది. పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు ఇదే. ఇంటికెళ్ళి చెప్పాలనుకున్నాను. ఏ ఇంటికి?

ఎవరికీ చెప్పకపోయినా వెలుతురు వెలుతురే.

ఆగస్టు 5

అత్తయ్య ఈ మధ్య వారానికి రెండుసార్లు వస్తున్నారు. తేవడానికి పెద్ద వస్తువులు అయిపోయినట్టున్నాయి. ఇవాళ ఒక చెంచా తెచ్చారు. ఒకే ఒక్క చెంచా, కాగితంలో చుట్టి.

"ఇది నీదే కదా?"

"మన ఇంట్లో చెంచాలన్నీ ఒకటే కదా అత్తయ్యా" అనేశాను. మన ఇల్లు, అత్తయ్య... రెండూ ఒకే వాక్యంలో జారిపోయాయి. ఆవిడ విననట్టే మేస్త్రీ వైపు తిరిగి, నడుం ఎలా వంచి బరువెత్తాలో చూపించడం మొదలుపెట్టారు. మేస్త్రీ నేర్చుకున్నాడు కూడా. పనివాళ్ళు ఆవిడని టీచరమ్మ అంటున్నారు. నాకు లేని భయం, భక్తి ఆవిడకి దొరుకుతున్నాయి.

రేపొస్తే సూటిగా చెప్పేయాలి, నేను తిరిగి రానని. పాపం, ఆశ పెట్టుకోనివ్వడం తప్పు.

ఆగస్టు 6

రాలేదు.

ఆగస్టు 7

రాలేదు. మంచిదే. పని ఎక్కువగా ఉంది.

ఆగస్టు 8

రాలేదు. చెల్లికి ఫోను చేసి, ఆవిడకి ఒకసారి ఫోను చేయమన్నాను. ఊరికే, మామూలుగా. జలుబట.

ఆగస్టు 22

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రెండో అంతస్తు చివరి గోడ ఇవాళ మొదలుపెట్టారు. పై వరసల ఇటుకలు తీస్తున్నారు. నేను గుమ్మంలో ఉన్నాను. అత్తయ్య మెట్ల మీద కూర్చుని నాకోసం తెచ్చిన నారింజ వలుస్తున్నారు. చటుక్కున ఒక చప్పుడు, ఎండుకర్ర విరిగినట్టు. పైకప్పు మీద సన్నటి గీత. నేను చూస్తుండగానే ఆ గీత ఈ మూల నుంచి ఆ మూలకి పాకింది. పెచ్చు ఒకటి ఊడి నా కాళ్ళముందు పడింది.

డాబా మీద నీళ్ళ ట్యాంకు ఉంది. సరిగ్గా ఆ గోడ మీద. గట్టు వెనక, కొత్తది, పెద్దది. లాడ్జి మూతపడ్డాక పక్క దుకాణాల వాళ్ళకి నీళ్ళివ్వడానికి ఓనరు పెట్టించాడట. రెండేళ్ళ కిందట అది లేదు. ఇన్ని నెలల్లో ఒక్కసారి పైకెక్కి ఉంటే కనిపించేది. మేస్త్రీ అడిగాడు కూడా. నేను చూశానన్నాను.

"ఆపండి, అందరూ కిందికి!" అని అరిచాను. ఈ గదిలోవాళ్ళు పరుగెత్తారు. పై అంతస్తులో నలుగురున్నారు, కోత మిషను నడుస్తోంది. నా అరుపు నాకే వినిపించలేదు.

అప్పుడు ఈల. అత్తయ్య రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని వేసిన ఈల. ఒక మైదానం నిండా ఆడుకునే పిల్లల్ని నిలబెట్టేసే ఈల అది. మిషను ఆగిపోయింది. "పనిముట్లు అక్కడే! రెయిలింగు పట్టుకుని, ఒకరి వెనక ఒకరు, తోసుకోకుండా దిగండి!" దిగారు. చివరివాడు దిగేదాకా ఆవిడ మెట్ల మలుపులో నిలబడి ఉన్నారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. వచ్చి నా రెక్క పట్టుకుని లాక్కెళ్ళారు. "నీకు వేరే చెప్పాలా?"

మేస్త్రీ కిందనే ట్యాంకు గొట్టం విప్పి నీళ్ళన్నీ వదిలేశాడు. వీధి కాలువైంది. బరువు తగ్గాక, గీత ఇక పాకడం లేదని చూసుకుని, మేమిద్దరం ఇనుప సపోర్టులు తీసుకుని పైకి వెళ్ళాం. వరసగా నిలబెట్టి బిగించాం. కప్పు నిలిచింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

పనివాళ్ళు వెళ్ళిపోయాక రిసెప్షను బల్ల వెనక నేల మీద కూర్చుని ఏడ్చాను. జూన్ నుంచి ఆపుకున్నదంతా వచ్చింది. అత్తయ్య పక్కనే నేల మీద చతికిలపడ్డారు. "నా వల్లే, నేను చూడలేదు" అని ఎన్నిసార్లన్నానో. ఆవిడ కాదనలేదు.

"అవును, చూడలేదు. రేపు పొద్దున ఎక్కి చూడు. ప్రతి గోడా మళ్ళీ చూడు. ఇవాళ మాత్రం ఏడువు."

కాసేపటికి అన్నాను, "అత్తయ్యా, నేను వెనక్కి రాను. మీరు ఎన్నిసార్లు వచ్చి అడిగినా..."

"నేనెప్పుడడిగాను?"

నిజమే. ఒక్కసారీ అడగలేదు.

"మరి ఎందుకొస్తున్నారు? ఆయన పంపలేదా?"

"వాడికి నేనిక్కడికొస్తున్నట్టే తెలీదు. పార్కులో నడకకని చెప్తున్నా." నారింజ తొనలు ఇంకా కొంగులో ఉన్నాయి. ఒకటి నా చేతిలో పెట్టారు. "వాడు నా కొడుకు. నేను తిట్టినా, కొట్టినా, ఏ మూలకి పోయినా నా కొడుకే. వాడి గురించి నాకు బెంగ లేదు. నువ్వు అలా కాదుగా. ఆ కాగితాల మీద సంతకం పడ్డాక నువ్వు నాకెవరు? వీధిలో కనబడితే బాగున్నారా అని పోతావు. పదహారేళ్ళు ఒకే వంటింట్లో తిరిగాం పిల్లా. నాకా ఇంట్లో లోటేం లేదు. నువ్వు లేవు, అంతే."

ముక్కు తుడుచుకుంటూ, "సంతకాలయ్యాక మిమ్మల్ని ఏమని పిలవాలి?" అన్నాను.

"నీ ఇష్టం. ఏమని పిలిచినా పలుకుతా."

ఆగస్టు 23

డాబా ఎక్కాను. ప్రతి గోడా మళ్ళీ చూశాను. మేస్త్రీ నా వెనకే ఉన్నాడు, నిన్నటి మాట ఎత్తలేదు. మూడో అంతస్తులో ఒక ఎర్రగీత నేనే చెరిపేశాను.

సెప్టెంబరు 1

ఓనరు వచ్చాడు. మంచివాడే గానీ ప్రతిదానికీ గుండె పట్టుకుంటాడు. ఆ గోడ ఉండి తీరాలని, ట్యాంకు తీసేసినా సరే ఇక దాన్ని ముట్టుకోనని చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను.

"అంటే రెండు గదులు కలవవా? ఒక్కో గది ఒక్కో వాటానా? ఒంటి గదిలో ఎవరుంటారమ్మా?"

"ఉంటారు" అన్నాను. ఎవరని అడగలేదు, బతికిపోయాను.

సెప్టెంబరు 14

కోర్టు. అయిపోయింది. అతను చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చాడు. చెప్పాలనిపించింది. చెప్పలేదు. బయటికి వచ్చాక చెప్పాను. ఇద్దరం నవ్వాం. అంతే.

సెప్టెంబరు 15

అత్తయ్య రాలేదు.

సెప్టెంబరు 16

వచ్చారు. ఖాళీ చేతులతో. "తేవడానికి ఇంకేమీ లేవు" అన్నారు గుమ్మంలోనే నిలబడి.

"లోపలికి రండి అత్తయ్యా" అన్నాను.

అక్టోబరు 9

రెండో అంతస్తు చిన్న వాటాలు బాగా కుదురుతున్నాయి. ఎవరో ఒంటరి మనిషి అద్దెకొస్తారు కదా, వాళ్ళకి సరిపడేలా. ఎడమవైపు వాటాలో పని బల్ల కిటికీ ముందు పెట్టించాను, ప్లాన్లు గీసుకోవడానికి... అంటే ఏదైనా రాసుకోవడానికి. వంటగది అరలు ఎంత ఎత్తులో పెట్టాలని వడ్రంగి అడిగితే, నిలబడి చేయి చాపి చూపించాను.

మేస్త్రీ గోడకి పుట్టీ పెడుతూ, "అద్దెకొచ్చేవాళ్ళు అచ్చం మీ ఎత్తే ఉంటారా మేడం?" అన్నాడు.

"సగటు ఎత్తు" అన్నాను.

"మంచిది" అన్నాడు. ఆ మనిషి నవ్వగా చూడటం ఇదే మొదలు.

అక్టోబరు 20

చెల్లి అడుగుతోంది, పని అయిపోతే ఎక్కడుంటావని. ఏదో ఒకటి వెతుక్కుంటాను. ఇంకా టైముంది.

ఎడమ వాటాకి లేత పసుపు రంగు. ఎవరికైనా నచ్చుతుంది.

నవంబరు 12

అద్దెకి వచ్చేవాళ్ళని ఓనరు ఇవాళ పిలిపించాడు. రిసెప్షను బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కరితో మాట్లాడుతున్నాడు. ఏ వాటా ఎలా ఉంటుందో చెప్పడానికి నేను పక్కన ఉన్నాను. కొత్తగా పెళ్ళైన ఇద్దరు, ఒక బ్యాంకు ఉద్యోగి కుటుంబం. తర్వాత తలుపు తోసుకుని అత్తయ్య. ఇస్త్రీ చీర, తెల్ల బూట్లు. నా వైపు చూడనైనా చూడలేదు.

"రెండో అంతస్తులో కుడివైపు చిన్న వాటా నాకు కావాలి" అన్నారు ఓనరుతో.

నాకు ఒక్కముక్క చెప్పలేదు! అతనికి చెప్పారా? చెప్పారట, తర్వాత తెలిసింది. అతను రెండు రోజులు అలిగి, మూడో రోజు పరుపు మంచిది కొనుక్కోమన్నాడట.

ఓనరు గుండె మీద చేయి వేసుకున్నాడు. "పెద్దవారు, ఒక్కరే ఉంటానంటున్నారు. రేపు ఏదైనా ఒంట్లో బాగోకపోతే ఎవరమ్మా చూసేది?" తర్వాత నా వైపు తిరిగాడు. "ఈవిడ ఇక్కడికి తరచూ వస్తుంటారు కదా. మీకేమవుతారు?"

ఎంత చిన్న ప్రశ్న! నేను జవాబు వెతుక్కునేలోపే అత్తయ్య అందుకున్నారు.

"ఏమీ కాను. చట్టప్రకారం ఏమీ కాను. అందుకే చుట్టాన్నని చెప్పుకుని రాలేదు. అందరిలాగే అద్దె కట్టి ఉంటానంటున్నా."

గొంతు ఖంగుమనలేదు. మొదటిసారి. తెల్లబూట్లలో ఆ పాదాలు ఒకదాని పక్కన ఒకటి, వరసలో నిలబడ్డ బడిపిల్ల పాదాల్లా ఉన్నాయి. కాదంటానేమోనని ఆవిడ భయపడుతున్నారు. కాదనేది ఓనరు అని కాదు, నేనని.

"నేను చూసుకుంటాను" అన్నాను. "నేను పక్కనే ఉంటా కదా. ఎడమవైపు వాటాలో."

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎడమవైపు వాటా నేను తీసుకుంటున్న సంగతి ఓనరుకి తెలియదు. అత్తయ్యకి తెలియదు. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా నాకూ తెలియదు. ఇసుక తట్టతో అటుగా వెళుతున్న మేస్త్రీ మాత్రం ఆగకుండానే, "సగటు ఎత్తు" అని గొణుక్కుంటూ పోయాడు.

నవంబరు 13

ఓనరు ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. ఇద్దరూ మనవాళ్ళే కదా, మధ్య గోడలో ఒక తలుపు పెట్టించుకోమన్నాడు.

"వద్దు" అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

"దీని రేడియో నేను భరించలేను" అన్నారు అత్తయ్య.

"రోజుకి నాలుగుసార్లు ఇల్లు సర్దుతారు" అన్నాను నేను.

జనవరి 7

సామాను ఎక్కించాం. రెండు మంచాలు, పెట్టెలు, చచ్చి బతికిన పూలకుండీ. కుండీ ఎవరి కిటికీలో ఉండాలన్న దాని మీద పోట్లాట. ఓడిపోయాను.

రాయడానికి ఇంకేం లేదు. వీపు నొప్పి. వేణ్ణీళ్ళు బాగా వస్తున్నాయి.

జనవరి 28, ఆదివారం

తలుపు కొట్టారు. స్టూలెక్కి పరదా కడుతున్నాను, మేకు నోట్లో పెట్టుకునే దిగి తీశాను.

అతను. చేతిలో పళ్ళ సంచి. గుండీలన్నీ సరిగ్గా ఉన్నాయి. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేసి, తలుపు మీద నంబరు కోసం వెతికాడు. నంబర్లు ఇంకా బిగించలేదు.

నోట్లోంచి మేకు తీసి, "అత్తయ్యది పక్క తలుపు" అన్నాను.

"ఓ. రెండూ ఒకేలా ఉన్నాయి."

"రంగు ఒకటే తెప్పించాం."

వెళ్ళబోయి ఆగాడు. "బాగుందా?"

"బాగానే ఉంది. నీళ్ళు కూడా పై దాకా ఎక్కుతున్నాయి. ఈ వైపు ఎండ పొద్దున్నే వస్తుంది."

తలూపి, పక్క తలుపు కొట్టాడు. నేను లోపలికి వచ్చి స్టూలెక్కాక అనిపించింది, అతను అడిగింది బహుశా ఇంటి గురించి కాదేమోనని. ఇప్పుడు వెళ్ళి వేరే జవాబు చెప్పక్కర్లేదు. నేను చెప్పిందీ నిజమే.

గోడకవతల అత్తయ్య గొంతు వినబడుతోంది. చెప్పులు బయట విడవమని, సంచి నేల మీద పెట్టొద్దని, సన్నబడ్డావేంట్రా అని. అతను ఏదో అన్నాడు. ఆవిడ నవ్వారు. నేను మేకు కొట్టడం ఆపాను, చప్పుడుకి వాళ్ళ మాటలు చెడతాయని. పొద్దుటి ఎండలో కాళ్ళు చాపుకుని, గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. పరదా రేపు కడతాను.